చికెన్ రోజున ఏడున్నరకి ఆట

ఊటీ వెళ్లొచ్చినవాళ్లు రాస్తారు, కాశీ వెళ్లొచ్చినవాళ్లు రాస్తారు. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లొచ్చి రాసినవాళ్లు మాత్రం నాకింతవరకు తగల్లేదు. ఆరు రోజులు ఉండి వచ్చాను కాబట్టి ఆ లోటు నేనే తీరుస్తాను. చూడదగ్గ ప్రదేశాల కోసమైతే ఇది చదవక్కర్లేదు. నేను చూసిందల్లా ఒక పొడుగాటి రోడ్డు, దాని నెత్తిన మెట్రో, మెట్రో కింద జనం. ఆ జనంలోంచి రెండు వందల మందిని ఒకచోట కూర్చోబెట్టి ఫుట్‌బాల్ చూపించడం నా పని.

ఎందుకో ముందే చెప్పేస్తాను. నాది విశాఖపట్నం. ఇరవై ఏళ్లు బళ్లో డ్రిల్లు టీచరుగా చేశాను. మూడేళ్లుగా ఒక ఫుట్‌బాల్ లీగ్‌కి శని, ఆదివారాల్లో తెలుగు వ్యాఖ్యానం చెబుతున్నాను. చిన్నప్పుడు మా అన్నయ్యలతో రైల్వే గ్రౌండులో ఆడి వచ్చి, రేడియోలో నాకు రాని భాషలో ఆట వినేదాన్ని. గొంతు పెరిగితే బంతి గోల్ దగ్గరకి వచ్చిందనుకునేదాన్ని, అంతే తెలిసేది. అందుకే నా భాషలో చెప్పమని మైకు చేతికిచ్చిన రోజున బాత్రూములోకెళ్లి ఏడ్చాను.

సీజన్ సగంలో ఆఫీసు నుంచి కార్తీక్ ఫోన్ చేశాడు. లీగ్‌ని కొత్త ప్రాంతాలకి తీసుకెళ్లే విభాగం అతనిది. నాకన్నా పదిహేనేళ్లు చిన్న, నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. "తెలుగులో వినేవాళ్లు కనపడట్లేదు, భారతి. హైదరాబాద్ తూర్పు వైపు హాస్టళ్ల నిండా కుర్రకారే కదా. అక్కడ ఒక్క మ్యాచ్‌కి రెండు వందల మందిని కూర్చోబెట్టండి. ఫొటో పంపండి. లేదంటే తెలుగు ఆపేద్దాం" అన్నాడు. తప్పకుండా అన్నాను. ఆలోచించడం ఫోన్ పెట్టేశాక మొదలుపెట్టాను.

శుక్రవారం: దిల్‌సుఖ్‌నగర్

ఆటో ఎక్కగానే డ్రైవరు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ పిల్లర్ మేడం?"

"పిల్లరేంటి బాబూ? లాడ్జికెళ్లాలి."

"లాడ్జి గాదు మేడం, పిల్లర్ నంబర్ జెప్పుండ్రి. గదుంటేనే దొరుకుతది."

మా ఊళ్లో అడ్రసు అంటే గుడి పక్క సందు, లేదా సినిమా హాలు వెనక. ఇక్కడ మెట్రో స్తంభాలకి నంబర్లున్నాయి, ఊరంతా వాటినే పట్టుకుని బతుకుతోంది. బట్టల షాపు, పళ్ల డాక్టరు, పెళ్లి సంబంధాలవాళ్లు, అందరూ ఏదో ఒక పిల్లరుకి ఎదురుగానే ఉంటారు. రెండో రోజుకి నేను కూడా స్తంభం నంబరు చెప్పి దర్జాగా దిగడం నేర్చుకున్నాను.

ఆ డ్రైవరు పేరు నర్సింహ. చిట్యాల దగ్గర పల్లెటూరు, ఇప్పుడు కాపురం బాలాపూర్‌లో. ఆ ఆరు రోజులూ ఎటు వెళ్లాలన్నా ఆయన్నే పిలిచాను. దారిలో బండి దగ్గర ఆపి ఇడ్లీ తినిపించాడు. ప్లేటు నలభై రూపాయలు, మా బీచ్ రోడ్డు మీదకన్నా పది ఎక్కువ. అల్లం చట్నీ అడిగితే బండివాడు నన్ను ఎగాదిగా చూసి పల్లీ చట్నీ ఇంకో గరిటె వేశాడు. అల్లానికి బదులు పల్లీ వస్తే దాన్ని మర్యాద అనుకోవాలని నర్సింహ సర్దిచెప్పాడు.

వచ్చిన పని చెప్పాను. ఆయన అద్దంలోంచి నన్నే చూస్తూ, "ఫుట్‌బాలా? మా దిక్కు కబడ్డీ మేడం. గా ఆట జూడనీకి రెండొందల మంది ఒస్తరా?" అన్నాడు.

"రప్పించాలి. ఎలాగో నువ్వే చెప్పు."

"మా బాలాపూర్ల గణేశ్ లడ్డు వేలం ఉంటది. ఎవలన్న పిలుస్తరా? బొట్టు వెట్టి జెప్తరా? గాళ్లకు గాళ్లే ఒస్తరు. ఎందుకొస్తరు? లడ్డు మనది అనుకుంటరు గనక ఒస్తరు. నీ ఆట ఎవలదనుకోవాలె?"

నేను మెట్రో స్తంభాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

శనివారం: చైతన్యపురి

ఈ రోడ్డు పొడుగునా కోచింగ్ సెంటర్లే. సందుల్లోకి తిరిగితే హాస్టళ్లు. ఒక్కో మేడకి ఒక్కో రంగు, గేటు పక్కన పోస్టర్లు, వైఫై, వేడినీళ్లు, నెలకింత అని. పోలీసు ఉద్యోగాలకి, బ్యాంకు ఉద్యోగాలకి చదివేవాళ్లు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ ఏళ్లకేళ్లు ఉంటారు. నా చేతిలో యాభై పోస్టర్లున్నాయి. ఆదివారం రాత్రి ఏడున్నరకి ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో పెద్ద తెర మీద ఆట, ప్రవేశం ఉచితం. పదకొండు హాస్టళ్లు తిరిగాను. లోపల అందరి కళ్లూ పడేచోటల్లా అతికించాను.

ప్రతిచోటా ఒకే మాట. "ఒస్తం అక్కా, పక్కా."

విశాఖలో రాదలచుకోనివాళ్లు "చూద్దాం లెండి" అంటారు. ఆ మాట విని మేం కుర్చీలు తగ్గించుకుంటాం. పక్కా అన్న మాటకి నేను కుర్చీలు పెంచుకున్నాను. సాయంత్రం ఒక మిర్చి బజ్జీ బండి దగ్గర కూర్చుని లెక్కేస్తే నాలుగు వందల మంది తేలారు. అంతమందికి హాలు చాలదేమోనని బెంగ కూడా పెట్టుకున్నాను.

ఆదివారం: ఎల్బీనగర్

హాలు ఇప్పించింది సుబ్బారావు గారు, ఆ కాలనీ సంఘం అధ్యక్షుడు. తెనాలి మనిషి. ఉద్యోగరీత్యా ముప్ఫై ఏళ్ల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, కానీ మాట మాత్రం నిన్ననే రైలు దిగినట్టుంటుంది. "మీరు మా ప్రాంతం అమ్మాయి, ఆ మాత్రం చెయ్యకపోతే ఎట్లాగండీ?" అని ఒక్క రూపాయి తీసుకోకుండా తాళాలిచ్చారు. నాకు తెలియకుండా రెండు వందల మందికి పునుగులు కూడా వేయించారు.

ఏడున్నరకి ఆట మొదలైంది, స్టూడియోలో ఆ వారానికి నా బదులు చెబుతున్నతని గొంతుతో. తెర మీద ఇరవై ఇద్దరు. హాల్లో పదకొండు మంది.

ఆ పదకొండు మందిలో సుబ్బారావు గారు, వాళ్లావిడ, నర్సింహ, వాచ్‌మన్, పునుగులు తెచ్చినతను ఉన్నారు. సగం ఆట అయ్యేసరికి ముగ్గురు తగ్గి ఎనిమిది మందయ్యారు. తెల్ల గుడ్డ తొడిగిన కుర్చీలు వరసలుగా కూర్చుని నన్ను చూస్తున్నాయి. సుబ్బారావు గారి భార్య నా చేతిలో ప్లేటు పెట్టి, "తినండమ్మా, చల్లారిపోతున్నాయి" అంది. ఆ ఆప్యాయతకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవమానంగా ఉంది, దాచుకోవడం దేనికి? పునుగులు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. పద్నాలుగు తిన్నాను.

కార్తీక్‌కి ఫొటో పంపలేదు. బుధవారం ఇంకో ఆట ఉంది, అప్పటిదాకా ఆగమన్నాను. బుధవారాల్లో తెలుగు వ్యాఖ్యానం ఉండదు కదా అన్నాడు. ఉంటుందిలే అన్నాను. ఎలా ఉంటుందో అప్పటికి నాకే తెలియదు.

సోమవారం: మళ్లీ చైతన్యపురి

పక్కా అన్నవాళ్ల మొహాలు చూద్దామని వెళ్లాను. కోపంగానే వెళ్లాను. మొదట తగిలింది అనసూయమ్మ ఆడపిల్లల హాస్టలు. అనసూయమ్మది మిర్యాలగూడ దిక్కు, హాస్టలు ఆమెదే, వంటా ఆమెదే. గడప దాటకముందే నా మీదకి లేచింది.

"నా బోర్డు మీద కాయితం అతికిచ్చింది నువ్వేనా?"

చూస్తే నిజమే. మెస్సు గోడకి ఏ రోజు ఏం వండుతారో రాసిన పెద్ద బోర్డు ఉంది. నేను నా పోస్టరు సరిగ్గా దాని మీద అతికించాను. పాపం ఆవిడ గోకితే సగమే ఊడింది. ఊడినచోట అక్షరాలు కనపడుతున్నాయి. ఆదివారం రాత్రి, చికెన్.

పక్కనే పుస్తకం పట్టుకుని కూర్చున్న స్వప్న అనే అమ్మాయిని అడిగాను. నల్గొండ జిల్లా నుంచి వచ్చి కానిస్టేబుల్ పరీక్షకి చదువుతోంది. శనివారం నాకు అందరికన్నా గట్టిగా పక్కా చెప్పింది ఆమే.

"ఎందుకు రాలేదమ్మా?"

"ఆదివారం గదక్కా," అంది, నాకు మతి లేదన్నట్టు.

"ఆదివారమని నాకూ తెలుసు."

"చికెన్ అక్కా. ఏడున్నరకు గంట కొడ్తరు, ఎనిమిదిన్నరకు గిన్నె బంద్. తర్వాత వొస్తె పప్పే. వారమంతా పప్పే తింటం గదా."

"ఈ సంగతి శనివారమే చెప్పొచ్చుగా?"

"మీరు గంత మంచిగ పిలిస్తిరి. మొహం మీద రామని ఎట్ల జెప్తం?"

ఈ ఒక్క హాస్టలే కాదట. ఆ సందు సందంతా ఆదివారం, బుధవారం చికెనే, గంట కూడా ఒకే వేళకి. పదకొండు హాస్టళ్లు తిరిగి, పదకొండు మెస్సు బోర్డుల ముందు నిలబడి, వాటి మీదే పోస్టర్లు అతికించి, ఒక్కటీ చదవని మనిషిని నేనే అయి ఉంటాను. ఇరవై ఏళ్లు పిల్లలకి "ముందు చూడు, తర్వాత తన్ను" అని నేర్పినదాన్ని. నా మీద నాకే నవ్వొచ్చింది, కోపం ఎగిరిపోయింది.

"అనసూయమ్మా, మీ మెస్సులో టీవీ ఉంది కదా. బుధవారం ఆట ఇక్కడే పెట్టుకుందాం. పిల్లలు తింటూ చూస్తారు."

"నా మెస్సుల ఆటలా? పరీక్షలు ముంగటున్నయ్. ఆళ్ల తల్లిదండ్రులు నన్ను నమ్మి వదిలిపెట్టిపోయిండ్రు." మళ్లీ తనే అడిగింది. "ఎవరు గెలుస్తరు?"

"అది ముందే ఎలా తెలుస్తుందమ్మా?"

"తెల్వకుండ గంటన్నర కూసోని చూస్తరా?" అని తలకొట్టుకుని లోపలికి పోయింది. అయినా ఆ మధ్యాహ్నం పచ్చిపులుసుతో అన్నం పెట్టింది. మేం కాచిందాన్నే చారు అంటాం. ఇది పొయ్యి మొహం చూడకుండానే, చింతపండు పిండి, ఉల్లిపాయ నలిపి, పోపు పెడితే అయిపోతుంది. రెండుసార్లు వేయించుకుని, పోస్టరు మిగతా సగం తడిగుడ్డతో నేనే తుడిచి వచ్చాను.

మంగళవారం: సరూర్‌నగర్ గ్రౌండు

స్వప్నా వాళ్లూ తెల్లవారగానే పరుగు పెట్టడానికి గ్రౌండుకి వెళతారని తెలిసి నేనూ వెళ్లాను. ముప్ఫై మంది అమ్మాయిలు. చున్నీలు నడుముకి బిగించి పరిగెడుతున్నారు. రాత పరీక్ష కన్నా వాళ్లకి ఈ ఎనిమిది వందల మీటర్లే భయం. స్వప్న కిందటిసారి ఉద్యోగం ఇందులోనే పోగొట్టుకుంది. మొదటి రౌండు బాణంలా పోయి, రెండో రౌండులో నడుం పట్టుకుని నిలబడిపోయింది.

పిల్లలు తప్పుగా పరిగెడుతుంటే నోరు మూసుకుని ఉండడం డ్రిల్లు టీచరు తరం కాదు. "భుజాలు దింపు! పిడికిలి బిగించకు! మొదటి రౌండులో ఊపిరి దాచుకో!" అని గట్టున నిలబడి అరిచాను. మూడో ప్రయత్నంలో స్వప్న ఆగకుండా గీత దాటింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా నా వైపు చూసింది.

"గంటన్నర పరిగెత్తేవాళ్లు ఎప్పుడు పరిగెడతారో, ఎప్పుడు నడుస్తారో రేపు టీవీలో చూపిస్తాను. బంతిని వదిలెయ్, వాళ్ల కాళ్లు చూడు" అన్నాను.

ఆ మాట నాకన్నా ముందు అనసూయమ్మకి చేరింది. నేను వెళ్లేసరికి ఉల్లిపాయలు తరుగుతూ, తలెత్తకుండానే అంది. "పోరికి ఉరుకుడు నేర్పినవంట. గట్లయితే పెట్టుకో. కని నా వడ్డన ఆగది. తొమ్మిదిన్నరకు టీవీ బంద్."

నేను కూడా కత్తిపీట ముందు కూర్చున్నాను.

బుధవారం: అనసూయమ్మ మెస్సు

తెలుగు వ్యాఖ్యానం లేని రోజు కాబట్టి టీవీ నోరు నొక్కేసి, నేనే నిలబడి చెప్పాలనుకున్నాను. కూర్చుంటే నాకు గొంతు రాదు, స్టూడియోలోనూ నిలబడే చెబుతాను. మైకు ఎలా అని నర్సింహని అడిగితే వాళ్ల గణేశ్ మండపం మైకు సెట్టు ఆటోలో వేసుకొచ్చాడు. అది దేవుడి పాటలకి అలవాటు పడ్డ సెట్టు. "నమస్కారం" అంటే "కారం, కారం" అని సందంతా మోగింది. ఆ ప్రతిధ్వని ఎక్కడ ఆపాలో నర్సింహకీ తెలియదు, నాకూ తెలియలేదు.

ఏడున్నరకి అనసూయమ్మ గంట కొట్టింది. డెబ్బై మంది అమ్మాయిలు స్టీలు కంచాలు పట్టుకుని వరస కట్టారు. తెర మీద పచ్చ చొక్కాలవాళ్లు, తెల్ల చొక్కాలవాళ్లు. నేను మొదలుపెట్టాను.

మొదటి పది నిమిషాలు ఎవరూ తల ఎత్తలేదు. అందరి చూపూ ముక్కల మీదే. ఇంతలో పచ్చ చొక్కా ఒకడు గోల్ కొట్టాడు, రిఫరీ చెల్లదన్నాడు. ఎందుకని ఎవరో అడిగారు. పుస్తకంలో ఉన్న నియమం చెబితే నిద్రపోతారు.

"అనసూయమ్మ గంట కొట్టకముందే ఎవరైనా పోయి గిన్నె పక్కన నిలబడితే ఏం చేస్తుంది?"

"ఎల్లగొడ్తది!" అంది మెస్సు మొత్తం.

"వాడూ అంతే. బంతి ఇంకా వెనక ఉండగానే ముందుకి పోయి గోల్ దగ్గర కాచుకున్నాడు."

అప్పుడు తలలు లేచాయి. రెండో సగానికి ఎదురు హాస్టలు బాల్కనీల్లో మగపిల్లలు కంచాలతో నిలబడి వింటున్నారు. వాళ్లకి తెర కనపడదు. ఎడమ పక్క మేడ మీంచి ఒకడు "అక్కా, బంతి ఎవలి తాన ఉంది?" అని అరిచాడు. రేడియో ముందు కూర్చుని నేను అడగలేకపోయిన ప్రశ్న అది. "తెల్ల చొక్కాల దగ్గరుంది నాన్నా, కుడి పక్కనుంచి వస్తున్నారు" అన్నాను. ఆ తర్వాత వాళ్ల కోసమే చెప్పాను.

ఆట ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతుందనగా తెల్ల చొక్కాల్లో అప్పటిదాకా నెమ్మదిగా తిరిగిన ఒకడు ఒక్కసారిగా దౌడు తీశాడు. "ఊపిరి దాచుకున్నడు చూడు!" అని స్వప్న లేచి నిలబడింది. నేను గోల్ అని అరిచాను. గోల్, ఓల్, ఓల్ అని గణేశ్ మైకు సందు చివరిదాకా మోసుకుపోయింది. బాల్కనీల్లో కంచాల మీద చెంచాలు మోగాయి. ఎనిమిదిన్నర ఎప్పుడో దాటినా మూత పడని గిన్నె పక్కన అనసూయమ్మ గరిటె గాల్లోనే ఆగింది.

"పడ్డదా?"

"పడింది అనసూయమ్మా!"

ఆ రాత్రి అందరికీ రెండోసారి కూర వేసింది. అలా ఎన్నడూ వెయ్యదట.

ఇంటికొచ్చాక

గురువారం ఇంటికి చేరాక ఫొటోలు, వీడియో కార్తీక్‌కి పంపాను. గంటలో జవాబొచ్చింది. "చూశాను, బాగుంది. కానీ డెబ్బై మందే కనపడుతున్నారు. బాల్కనీలు చీకటిగా ఉన్నాయి. ఇది ఈవెంట్ కాదు భారతి, భోజనం. తెలుగు ఈ వారం నుంచి ఆపుతున్నాం."

బాధపడ్డాను. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు కార్తీక్‌కి ఒక్క మాట రాశాను. మన దేశంలో జనం కలిసేదే భోజనం దగ్గర, అక్కడికి వెళ్లకుండా నువ్వు కొత్త ప్రాంతాలకి ఎలా వెళతావు అని. జవాబు రాలేదు.

ఆదివారం ఏడుంపావుకి ఫోన్ మోగింది. అనసూయమ్మ.

"టీవీల ఎవడో ఇంగ్లీషోడు మాట్లాడుతుండు. నువ్వేడబోయినవ్?"

"నన్ను ఆపేశారమ్మా."

"ఎవలు ఆపిండ్రు? నీ ఇంట్ల టీవీ లేదా? ఫోన్ మైకు కాడ పెడత, ఆడ్నుంచే జెప్పు. నర్సింహ మైకు తెచ్చి గంటసేపాయె. పిల్లలు కంచాలు పట్టుకోని కూసున్నరు."

ఫోను టేబులు మీద పెట్టుకుని, టీవీ పెట్టి, మొదలుపెట్టాను. ఇరవయ్యో నిమిషంలో గోల్ పడింది. అరిచాను. అవతల నిశ్శబ్దం. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. నాలుగు సెకన్లయ్యాక అటునుంచి ఒక్కసారిగా కేకలు, కంచాల మోత. రెండో గోల్‌కీ అదే వరస. అప్పుడు అర్థమైంది. నా టీవీ వాళ్ల టీవీకన్నా నాలుగు సెకన్లు ముందు నడుస్తోంది. వాళ్లు చూడకముందే నేను చెప్పేస్తున్నాను. వ్యాఖ్యాతకి అంతకన్నా పెద్ద తప్పు లేదు.

"అనసూయమ్మా, నేను ముందే చెప్పేసి మీ ఆట పాడుచేస్తున్నాను. ఆపేస్తాను."

"ఆపుతవా?" అంది. "ఈడ నువ్వు జెప్పినంకనే గోల్ పడ్తది. జర గట్టిగ జెప్పు, ఎదురు హాస్టలోళ్లకు ఇనవడతలేదంట."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.